ఏటార్ లెక్కలోని పనితనం

సిడ్నీలో నాలుగు తెలుగు కుటుంబాలు భోజనాలకు కలిశాయంటే, అందులో పదకొండో తరగతికి వెళ్లబోయే పిల్లలుంటే, మాట కాసేపటికి స్కేలింగ్ మీదికి మళ్లుతుంది. "ఎక్స్‌టెన్షన్ టూ మ్యాథ్స్ తీసుకుంటే పైకి లేపుతుందట. డ్రామా జోలికి పోవద్దు, కిందికి లాగేస్తుందట." మన దగ్గర పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా అని ఒక్క మాటలో తేల్చేస్తాం. న్యూ సౌత్ వేల్స్‌లో ఇంగ్లిష్ ఒక్కటే తప్పనిసరి, మిగతావి పిల్లలే విడివిడిగా ఏరుకోవాలి. చివరికి యూనివర్సిటీ సీటు తేల్చేది ఏటార్ అనే ర్యాంకు కాబట్టి, ఏరుకునేటప్పుడు ఇష్టంతోపాటు ఆ లెక్క భయమూ ఉంటుంది.

ఈ వదంతులను పక్కన పెట్టి అసలు లెక్కను చదివితే ముచ్చటేస్తుంది. హిస్టరీ చదివిన అబ్బాయినీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయినీ ఒకే వరుసలో నిలబెట్టాలి. ఏ సబ్జెక్టు కష్టమని ఎవరిని అడుగుతాం? ర్యాంకులు కట్టే సంస్థ యూఏసీ ఆ ప్రశ్న జోలికే పోదు. ఫిజిక్స్ రాసినవాళ్లు తమ మిగతా సబ్జెక్టుల్లో ఎలా రాశారని చూస్తుంది. అక్కడ బాగా రాసి ఉంటే ఫిజిక్స్ సగటు పైకి జరుగుతుంది. స్కేలింగ్ అంటే ఇదే. గట్టి జట్ల మధ్య ఆడి మూడో స్థానంలో నిలవడం వేరు, వీధి జట్ల మధ్య మూడో స్థానం వేరు కదా. చిక్కేమిటంటే, ఆ మిగతా సబ్జెక్టుల మార్కులనూ ఇలాగే సరిచేయాలి, అందుకు మళ్లీ ఫిజిక్స్ మార్కులు కావాలి. అందుకే ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్ని సబ్జెక్టులనూ కలిపి సమీకరణాలుగా రాసి ఒక్కసారే సాధిస్తారు. ఏటా ఆ సంవత్సరం మార్కులతో మళ్లీ మొదటినుంచి. ఇంత తిప్పినా ఒక సబ్జెక్టు లోపలి వరుస చెక్కుచెదరదు.

తర్వాతి మెట్టు సులువే. సబ్జెక్టులను యూనిట్లలో లెక్కిస్తారు: ఇంగ్లిష్ 2 యూనిట్లు, మిగతావాటిలో మెరుగైన 8 యూనిట్లు, మొత్తం 500కు. దాన్నుంచి 0.05 తేడాలతో 99.95 దాకా వెళ్లే ర్యాంకు. బడి మధ్యలో మానేసినవాళ్లతో సహా ఆ ఈడు పిల్లలందరితో పోలుస్తారు కాబట్టి, ఏటార్ అందుకున్నవాళ్లలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి 50 కాదు, 70 దగ్గర వస్తుంది. గుంటూరులో ఉన్న తాతయ్యకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పడం మాత్రం కష్టం. "డెబ్బై శాతమేనా?" అంటారు.

నాకు బాగా నచ్చిన పని మ్యాథ్స్‌లో జరిగింది. క్యాలిక్యులస్ చేయగల పిల్లలు కూడా మార్కులు తేలిగ్గా వస్తాయని కింది కోర్సుకు దిగిపోతున్నారని అధ్యాపకులు చాలాకాలం మొత్తుకున్నారు. 2020 నుంచి కింది కోర్సు స్టాండర్డ్ టూ, పై కోర్సు అడ్వాన్స్‌డ్ పేపర్లు రెండింటిలోనూ కొన్ని ప్రశ్నలు ఉమ్మడిగా ఇస్తున్నారు. అవే ప్రశ్నలకు రెండు గుంపులూ రాసిన జవాబులు చేతిలో ఉంటే, ఆ రెంటినీ ఒకే కొలమానం మీద పెట్టవచ్చు. తక్కువ కోర్సులో ఎక్కువ మార్కు అనే ఆశకు ఇక చోటు తక్కువ. పిల్లలకు ఉపదేశం చేయకుండా ప్రశ్నపత్రాన్నే మార్చారు, అదీ నేర్పు. అయినా లెక్క ఒక్కటే చాలదనిపించింది కాబోలు. అంతకు ముందే, 2019 నుంచి కొంతకాలం, సిడ్నీ యూనివర్సిటీ చాలా డిగ్రీలకు పైస్థాయి మ్యాథ్స్ తప్పనిసరి చేసింది.

లోపం లేకపోలేదు. తోటివాళ్ల కెమిస్ట్రీ, ఎకనామిక్స్ మార్కులను బట్టి డ్యాన్స్ సబ్జెక్టు సగటును కట్టడంలో డ్యాన్స్ ప్రతిభకు దొరికే న్యాయం ఎంత? అంతకన్నా పెద్ద లోపం, స్కేల్ చేసిన మార్కును విద్యార్థికి చూపించరు. చేతికొచ్చేది పన్నెండో తరగతి చివర ఇచ్చే హెచ్‌ఎస్‌సీ మార్కు, అది ఎంత నేర్చుకున్నారో చెప్పే వేరే కొలత. 80 చూసుకున్నవాడు యూఏసీ నివేదికలోని స్కేలింగ్ పట్టికలో ఆ 80కి ఎదురుగా అంతకంటే బాగా తక్కువ అంకె కనిపిస్తే, "మా మార్కులు కోసేశారు" అంటాడు. ఆ పట్టిక చూసి సబ్జెక్టులు ఎంచుకోవద్దని యూఏసీ చెబుతూనే ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర మాత్రం చేతులు మారేది ఆ పట్టికే.