నాలుగున్నర మిల్లీమీటర్ల ఖరీదు

ఖరీదైన కత్తి కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ముందు ధర అడగను, ఉక్కు పేరు కూడా అడగను. వెన్ను మందం ఎంతో చెప్పమంటాను. అంచుకు ఎదురువైపు ఎన్ని మిల్లీమీటర్లుందో తెలిస్తే, ఆ కత్తిని ఏ పనికోసం చేశారో సగం తెలిసినట్టే.

మా మేనల్లుడు సియాటిల్‌లో ఉంటాడు. దసరాకు వస్తూ నాకేదైనా పనికొచ్చే వస్తువు తేవాలని వాడి ఆరాటం. సెలవురోజుల్లో నేను పచ్చి వేపకర్రతో తెడ్లు చెక్కుతుంటానని వాడికి తెలుసు. "మామా, ఫాల్‌క్నివెన్ ఎఫ్1 అని స్వీడన్ కత్తి ఒకటుంది. మడతది కాదు. రెండొందల డాలర్లకు అటూఇటూ ఉంటది. తీసుకురానా?" అని ఫోన్ చేశాడు. వెంటనే వద్దనలేకపోయాను. ఆ కత్తంటే నాకు గౌరవం.

స్వీడన్ వైమానిక దళం 1995 నుంచి తన పైలట్లకు ఇస్తున్న కత్తి అది. బ్లేడు పొడవు 97 మిల్లీమీటర్లే, అరచేతిలో ఇమిడిపోతుంది. వెన్ను మందం మాత్రం 4.5 మిల్లీమీటర్లు. బ్లేడు ఉక్కు పిడిలో సగం దాకా పోయి ఆగిపోదు, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకటే ముక్క. వెనకవైపు పిడి దాటి కాస్త బయటికి కూడా వస్తుంది, దానితో దేన్నయినా మోదొచ్చు. విమానం కూలి, మంచు అడవిలో ఒంటరిగా మిగిలిన మనిషిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించిన తీరు ఇది. అతని దగ్గర గొడ్డలి ఉండదు. తడిసిన దుంగ మీద ఈ కత్తి పెట్టి, వెన్ను మీద ఇంకో కర్రతో కొట్టి చీల్చి, లోపలి పొడి చెక్క తీసుకుంటేనే మంట. ఏదైనా ఇరుక్కుపోతే దీన్నే సందులో దూర్చి తిప్పాలి. అక్కడ బ్లేడు విరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ నాలుగున్నర మిల్లీమీటర్లలో ప్రతి మిల్లీమీటరుకూ ఒక కారణం ఉంది, ఆ ధరలో నాకు మోసమేమీ కనబడదు.

కానీ నా పని వేరు. మందమైన కత్తితో క్యారెట్ కోసి చూడండి. అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది, ఆపైన కోత ఆగి పగులు మొదలవుతుంది. ముక్క టప్పున విడిపోతుంది, కోసిన ముఖం గరుకుగా ఉంటుంది. అంచు మొద్దుబారిందని అనుకుంటాం. అంచు బాగానే ఉంటుంది. వెనకాల వస్తున్న ఉక్కు దారి చాలక క్యారెట్‌ను రెండువైపులా తోసేస్తుంది. పచ్చి వేపకర్రలోనూ ఇంతే. తెడ్డు మెడ దగ్గర వంపు తిప్పేటప్పుడు మందపు బ్లేడు మలుపు తీసుకోదు, నార వెంబడే పోయి చెక్కను లేపేస్తుంది. పలచటి కత్తయితే మణికట్టు ఎటు తిరిగితే అటు వస్తుంది, ఉల్లిపొరలాంటి చెక్కు చుట్టుకుంటూ లేస్తుంది.

అదే స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరుతో తయారయ్యే కత్తులున్నాయి. వాటిలో కంపానియన్ అనేది, ఎఫ్1 ధరలో పదోవంతుకు దొరుకుతుంది. వెన్ను రెండున్నర మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర. ఉక్కు 12సి27 అనే స్టెయిన్‌లెస్ రకం, కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. పదింతలు పెట్టి కొన్న కత్తి కంటే ఇది కూరగాయా తాడూ కర్రా చక్కగా కోస్తుంది. ఈ మాట చాలామంది నమ్మరు. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ కోస్తుందనుకుంటాం. ఎఫ్1కు ఎక్కువ డబ్బు పెడితే దొరికేది విరగకపోవడం.

మరి ఉక్కు మాటేమిటంటారు. ఎఫ్1కు ఎంతోకాలంగా పేరు తెచ్చిన వీజీ-10 జపాన్ ఉక్కు. కార్బన్ ఇంచుమించు ఒక శాతం, క్రోమియం 15 శాతం. తుప్పు త్వరగా పట్టదు, అంచు చాలాకాలం నిలుస్తుంది. అయితే ఉక్కు పేరు చూసి డబ్బు పెట్టేవాళ్ళు కాల్పు సంగతి మరచిపోతారు. అదే ఉక్కును ఒకచోట సరిగ్గా కాల్చి చల్లారిస్తే అద్భుతం, ఇంకోచోట వేడి తప్పితే పెళుసు, లేదా మెత్తన.

మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర నేను నేర్చుకున్నదిదే. లారీ కమాన్ కట్ట ముక్కతో ఆయన కత్తులు చేస్తాడు. దాంట్లో కార్బన్ 0.6 శాతం దాకా ఉంటుంది, కత్తికి సరిపోయే ఉక్కే. సాగగొట్టడం కాదు ఆయన పనిలో కష్టం. ఆఖర్న కొలిమిలో ఎర్రబడుతున్న బ్లేడును చూస్తూ నిలబడే ఆ కాసేపు కష్టం. షెడ్డులో కావాలనే వెలుతురు తక్కువ ఉంచుతాడు, ఎండ పడితే రంగు తెలియదు. "రంగు సూడుండ్రి సార్, ఇగ ఇప్పుడే దించాలె" అంటూ పటకారుతో తీసి నూనెలో ముంచుతాడు. అప్పుడది గాజులా గట్టి, కింద పడితే విరగొచ్చు. అంచు మీది నలుపును రాయితో తోమి, తెల్లగా మెరిసేలా చేసి, వెన్నును మాత్రం నిప్పుల మీద పెడతాడు. ఆ మెరుపు మీద వెన్ను నుంచి రంగు నడిచివస్తుంది. ముందు ఎండుగడ్డి పసుపు, దాని వెనక గోధుమ, ఆ వెనక ఊదా, నీలం. పసుపు అంచును తాకగానే నీళ్ళలో ముంచేస్తాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే అంచుకు నీలం వచ్చేస్తుంది, ఆ కత్తి పదును నిలుపుకోదు.

స్టెయిన్‌లెస్‌కు ఈ కంటిచూపు సరిపోదు. వెయ్యి డిగ్రీలు దాటి 1050 దాకా తీసుకెళ్ళి, అక్కడ కొన్ని నిమిషాలు కదలకుండా నిలపాలి. బొగ్గుల కొలిమిలో అది అయ్యే పని కాదు. ఫ్యాక్టరీ కత్తికి మనమిచ్చే డబ్బులో పెద్దభాగం ఆ కొలత తప్పని కొలిమికీ, వెయ్యో కత్తి కూడా మొదటిదానిలాగే ఉండటానికీ పోతుంది. మా కమ్మరి చేసిన కత్తుల్లో ఒకటి ఏళ్ళ తరబడి నిలిచింది, ఇంకొకటి వెదురు గణుపు మీద నోరు పోయింది. ఆయన రెండోదాన్ని మళ్ళీ కాల్చి బాగుచేసి ఇచ్చాడు, పైసా తీసుకోలేదు. ఏ ఫ్యాక్టరీ హామీ పత్రం కన్నా నాకది ఎక్కువ.

ఉక్కు వేరు, దాన్ని కాల్చే చేయి వేరు అనే సంగతి మన నేల మీద పాతదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. బ్రిటిష్ భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయ్సీ చూసి రాసిన ఆ వివరం 1832లో అచ్చయింది. వాళ్ళు కొన్నది కత్తులు కాదు, ఉక్కు ముద్దలు. వాటిని కాల్చి సాగగొట్టే చేయి వాళ్ళ దేశంలోనే ఉండేది. దానికి తగిన ముడిసరుకు కోసమే అంతదూరం వచ్చారు. ఏది ఎక్కడ కొనాలో ఎరిగిన కొనుగోలుదారులు.

ఖరీదైన కత్తి కొనేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి, ఇంట్లో సానరాయి ఏముందని. గట్టి ఉక్కు అంచు పోయినప్పుడు మామూలు రాయి మీద ఓ పట్టాన లొంగదు. అంచును దీపం కింద పైకి తిప్పి చూడండి. మొద్దుబారినచోట సన్నటి తెల్లగీత మెరుస్తుంది, పదునైన అంచు వెలుగును అసలు తిప్పికొట్టదు. ఆ గీత పోయేదాకా నూరే ఓపిక, రాయి ఉంటేనే ఆ ఉక్కుకు పెట్టిన డబ్బు దక్కుతుంది. లేకపోతే ఏడాదికల్లా రెండొందల డాలర్ల కత్తీ సంతలో కొన్న చాకూ ఒకేలా కోస్తాయి. మోరా కత్తుల్లో నాకు నచ్చేదిక్కడే. వాటి అంచు వాలు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. రాయి మీద ఆ చదును ఆనితే కోణం దానంతటదే కుదురుతుంది.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, నాకు ఎఫ్1 వద్దు, మోరా 106 తెమ్మన్నాను. చెక్కపనికోసమే చేసిన సన్నటి బ్లేడు, బూరుగంత తేలిక కాకపోయినా చేతికి బరువనిపించని బర్చ్ కర్ర పిడి. తెడ్డు మెడ తిప్పడానికి అంతకన్నా నేను కోరేది లేదు. క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దని, చెక్‌ఇన్ సామానులో ఒరతో సహా చుట్టి పెట్టమని చెప్పాను. మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలు మించిన పొడవు లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించారు. ఇది ఆ కొలతల దరిదాపుల్లోకి కూడా రాదు.

"మరి నేను కొనుక్కోనా మామా?" అన్నాడు. "అడవిలో రాత్రిళ్ళు ఒక్కడివే ఉంటావా?" అనడిగాను. కాస్కేడ్ కొండల్లో చలికాలం గుడారం వేసుకుంటాడట, ఫోన్ సిగ్నల్ అందనిచోట. అయితే కొనుక్కో బిడ్డా, పైసలు చూడకు అన్నాను. కొన్నాక మొదటి నెల ఇంటి వెనక కట్టెలు చీల్చి, దాని బరువూ పట్టూ చేతికి అలవాటు చేసుకున్నాకే మంచులోకి తీసుకెళ్ళమన్నాను.