ఆగుట అనెడి విద్య

గుంటూరు, ప్రకాశం సీమలు ప్రధానముగా మైదానములు. నల్లరేగడి నేలలమీద పత్తిచేలును మిరపతోటలును చూపుమేర పరచుకొని యుండగా, వాని నడుమనుండి చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరుల మీదుగా చెన్నపురికి సాగిపోవు పదునారవ నంబరు జాతీయ రహదారి, పెద్ద ఎత్తుపల్లములు లేక, వంకర మలుపులు లేక, వాహనము నడుపువానిని నిశ్చింతునిగా చేయును. ఇట్టి నేలలో పెరిగిన చోదకునకు ఇంజనును గూర్చిన జ్ఞానము మెండు, మైలేజీని గూర్చిన చర్చ అంతకంటె మెండు. బ్రేకును గూర్చిన విచారము మాత్రము అది కీచుమని అరచినప్పుడో, పెడలు అడుగంటినప్పుడో తప్ప కలుగదు. అయినను ఈ మైదానమునకు రెండు ఎల్లలయందు బ్రేకునకు పరీక్షాస్థలములు రెండు కాచుకొని యున్నవి. పడమట దోర్నాల దాటిన వెంటనే మొదలగు నల్లమల ఘాట్ రోడ్డు మొదటిది. దక్షిణమున, గుంటూరునకు రమారమి నాలుగువందల కిలోమీటర్ల దూరమున, శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలోని మోటారు పందెపు బాట రెండవది.

ఈ రెండవదానికిని మన రహదారికిని ఉన్న చుట్టరికము పాతది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడిన పిమ్మట చిరకాలము పందెములు జరిగినది షోలవరములో; అది యుద్ధకాలపు విమానముల దిగుడుబాట, ఒంగోలు నుండి చెన్నపురికి పోవువారు నగరము చేరకమునుపే దాటవలసిన ఊరు. 1990లో ఇరుంగాట్టుకోట్టై బాట వచ్చినది. సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు, పండ్రెండు మలుపులు. పందెము కాని దినములలో అట్టి బాటలమీద సామాన్యులు తమ సొంత కార్లను, హెల్మెట్ ధరించి, నిర్ణీత వ్యవధులలో నడుపుకొనుటకు అవకాశ మిచ్చుట కలదు. దీనినే ట్రాక్ డే అందురు. వేగమునందు మక్కువగల యువకులు ఆ మక్కువను రహదారిమీద ఇతరుల ప్రాణములతో తీర్చుకొనక ఇట్టి చోట తీర్చుకొనుటను నేను మనసారా మెచ్చుకొందును. అయితే ఆ కారే నాలుగువందల కిలోమీటర్లు రహదారిమీద పోవలెను, బాటమీద పరుగెత్తవలెను, మరల నాలుగువందల కిలోమీటర్లు తిరిగి రావలెను. ఈ మూడు పనులకును ఒకే బ్రేకు ప్యాడు చాలునా అను ప్రశ్న ఇక్కడనే పుట్టినది.

సమాధానమునకు ముందు ఆ ప్యాడు ఎట్టి వస్తువో తెలియవలెను. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను నారి తన యిద్దరు కుమారులతో, భర్త నిర్మించిన మోటారుబండిమీద మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌నకు వెడలినప్పుడు, పల్లములలో కొయ్య బ్రేకులు అరిగిపోవుట చూచి, త్రోవలోని చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించినది. మోటారు చరిత్రలో తొలి బ్రేకు లైనింగు అదియే అందురు. తరువాత తొమ్మిదేండ్లకు, 1897లో, ఇంగ్లండులోని డెర్బీషైరు కొండప్రాంతమున హెర్బర్ట్ ఫ్రూడ్ అను నతడు, బండ్లవారు దిగుడు దారులలో కొయ్య బ్రేకులకు పాతబూట్ల తోలు మేకులతో దిగవేయుట గమనించి, అందుకు తగిన పదార్థమును తయారుచేయ పూనుకొనెను. ఫెరోడో సంస్థ అట్లు పుట్టినది. ఆ తొలినాటి లైనింగులలో వాడినది నూలు పట్టాలను. మన చేలలో పండు పత్తియే! అయితే వేడి మితిమీరినచో నూలు మాడును. అందుచేత ఇరువదవ శతాబ్దపు తొలి దశకముననే రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, దాని స్థానము నాక్రమించి, ఊపిరితిత్తులకు అది చేయు కీడు బయటపడువరకు లోకమంతట నేలినది.

నేటి ప్యాడులో ఒకటి రెండు కాదు, పదిపదునైదు ద్రవ్యములు కలియును. వానిలో కొన్నిటితో తెలుగుదేశమునకు బంధుత్వము కలదు. ప్యాడునకు బరువును నిలుకడను ఇచ్చు పూరకద్రవ్యము తరచుగా బెరైటీసు. ప్రపంచములోని మిక్కిలి పెద్ద బెరైటీసు నిక్షేపములలో నొకటి కడప సీమలోని మంగంపేటయందున్నది. వేటపాలెము, బాపట్ల ప్రాంతములవారికి జీడిమామిడి పెంకులోని నూనె చేతులను ఎట్లు పొక్కించునో తెలియును. అట్టి నూనెనే గట్టిపరచి పొడిచేసి బ్రేకు లైనింగులలో కలుపుదురు. అది ఘర్షణను నిలుకడగా ఉంచి, చప్పుడును తగ్గించును. వీనినన్నిటిని ఫినాలిక్ రెజిను అను జిగురుతో బంధించి, వేడిమీద అచ్చొత్తి, ఉక్కు పలకకు అతికించుదురు. ప్యాడు జాతకమంతయు ఈ జిగురు ఎంత వేడి నోర్చుననుదానిలో నున్నదన్నచో పెద్ద తప్పు లేదు.

ఏలయన, బ్రేకు చేయుపని వేగమును వేడిగా మార్చుట. గతిశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. పండ్రెండువందల కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఉన్నప్పుడు దానియందలి శక్తి సుమారు 1,67,000 జౌళ్లు; 120 కిలోమీటర్లలో అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, 6,67,000 జౌళ్లు. ఇరువది డిగ్రీలలోనున్న రెండు లీటర్ల నీటిని మరుగుస్థానమునకు తేగల వేడి అది. ఒక్కమారు ఆగుటకే ఇంత. ఇందులో మూడింట రెండు పాళ్లకు పైగా ముందు చక్రముల బ్రేకులే మోయును. రహదారిమీద ఇట్టి గట్టి బ్రేకు ఎప్పుడో ఒకమారు పడును. తరువాత డిస్కు చల్లారుటకు పది నిమిషములైనను దొరకును. పందెపు బాటమీద చుట్టునకు అనేకమారులు పడును; ఒక మలుపు వేడి ఆరకమునుపే మరియొక మలుపు వచ్చును. రెంటచింతల ఎండలు బ్రేకులను పాడుచేయునని కొందరు భయపడుదురు గాని, వందల డిగ్రీల లెక్కలో నడచు వ్యవహారమున నలుబదియైదు డిగ్రీల ఎండ స్వల్పవిషయము.

వేడి హద్దు మీరినప్పుడు జిగురు కాలి ఆవిరులు వెలువడును. ప్యాడునకు డిస్కునకు నడుమ ఆ ఆవిరులు పొరగా నిలిచి పట్టు సడలించును. పెడలు గట్టిగానే యుండును, కారు మాత్రము ఆగదు. ఘాట్ రోడ్డుమీద నిండుబరువుతో దిగుచు, గేరు తగ్గింపక బ్రేకుమీదనే కాలుంచినవానికిని ఈ అవస్థయే. ఎక్కిన గేరులోనే దిగవలెనని మన లారీ డ్రైవర్లు శిష్యులకు చెప్పుమాట పరమసత్యము.

ఇక ప్యాడులలో జాతులు. నారలు, రబ్బరు, పూరకములు ప్రధానముగా గలవి ఆర్గానిక్ జాతి. మెత్తగా పట్టును, చప్పుడు చేయదు, డిస్కును అరుగదీయదు, కాని సుమారు మూడువందల డిగ్రీలు దాటగానే నీరసించును. ఉక్కునార, ఇనుపపొడి గణనీయముగా కలిసినది సెమీ మెటాలిక్. వేడిని ఎక్కువ ఓర్చును, చక్రములకు నల్లని ధూళి పట్టించును, ఒకింత అరచును. సెరామిక్ అనునది మూడవది. పేరు చూచి ఇది పందెములకు తగినదని భ్రమపడువారు పెక్కుమంది. నిజమునకు ఇది నిశ్శబ్దమునకును శుభ్రతకును పుట్టిన రోడ్డు ప్యాడు. ఖరీదైన పందెపు కార్ల కార్బన్ సెరామిక్ డిస్కులతో దీనికి సంబంధము లేదు. నాలుగవది అచ్చముగా పందెముకొరకు చేసినది. ఆరేడువందల డిగ్రీలలోను పట్టు వదలదు.

అట్లయిన నాలుగవదానినే వేసికొని ఊరికే యుండరాదా? ఇక్కడనే తెలివిగలవారును పొరబడుచున్నారు. మిరపకాయను కేవలము కారమును బట్టి ఎవ్వరును కొనరు. రంగునకు బ్యాడిగి, ఘాటునకు గుంటూరు సన్నము, ఏ కూర ఏది కోరునో గృహిణి ఎరుగును. ప్యాడును కూడ కేవలము పట్టును బట్టి కొనరాదు. అది ఏ వేడిలో పట్టునో అడిగి కొనవలెను. పందెపు ప్యాడు వేడెక్కిన పిమ్మటనే పనిచేయును. చల్లగా నున్నప్పుడు దాని పట్టు రోడ్డు ప్యాడు కంటె తక్కువ, చప్పుడు భరింపరానిది, డిస్కునకు చేయు అరుగుదల విపరీతము. ఇప్పుడు మన రహదారిని తలచుకొనుడు. ఏబది కిలోమీటర్లు బ్రేకు తాకకయే వచ్చిన కారు, రాత్రివేళ, ఎదుట పత్తి బస్తాలతో, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు సర్వీసు రోడ్డునుండి అకస్మాత్తుగా పైకి వచ్చినది. ఆ క్షణమున ప్యాడు చల్లగా నుండును, దానికి వేడెక్కు అవకాశము లేదు, తొలి తొక్కుడే తుది తొక్కుడు. మైదానములో బ్రేకునకు వచ్చు పరీక్ష ఇదియే. ఘాట్ రోడ్డు పరీక్షకు, పందెపు బాట పరీక్షకు ఇది సరిగా విరుద్ధము. అక్కడ వేడిలో ఓర్పు కావలెను, ఇక్కడ చలువలో చురుకు కావలెను. రెండును సమానముగా ఇచ్చు ప్యాడు లేదు. రెండింటికిని పనికివచ్చునని అట్టపెట్టెమీద ముద్రించినది తరచుగా రెండింటిలోను కొంత కొంత కోల్పోయినదై యుండును.

ప్యాడు అంచున రెండు ఆంగ్లాక్షరములు ముద్రించి యుండుట కొందరు గమనించి యుందురు. మొదటిది సామాన్య తాపములో, రెండవది వేడిలో దాని ఘర్షణ గుణకమును తెలుపును: ఈ అనగా 0.25 నుండి 0.35 వరకు, ఎఫ్ అనగా 0.35 నుండి 0.45 వరకు, జి అనగా 0.45 నుండి 0.55 వరకు. రోడ్డు కారునకు ఎఫ్‌ఎఫ్ మంచిదే. కాని ఆ పరీక్ష సుమారు 340 డిగ్రీల వద్ద ఆగిపోవును గాన, జిజి అను ముద్ర చూచి అది పందెపు బాటకు తగినదని నిర్ణయించుట సాహసము. అక్షరములు లేని, కర్త పేరు లేని ప్యాడును మాత్రము ఆటోనగరులో ఎంత చౌకగా ఇచ్చినను ముట్టరాదు.

ఏడాదికి ఒకటి రెండుమారులు బాటకు పోదలచిన వానికి నా తీర్పు ఇది. మొదటి రూపాయి ప్యాడునకు కాదు, మనము బ్రేక్ ఆయిల్ అని పిలుచు ద్రవమునకు వెచ్చింపవలెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావముగలది. బాపట్ల, చీరాల తీరమువంటి తడిగాలి ప్రదేశములలో అశ్రద్ధ మరింత పనికిరాదు. డాట్ 4 రకపు ద్రవము, ప్రమాణముల ప్రకారము, కొత్తదైనచో కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదు. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 155కు దిగును. మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడునకు లొంగదు, ఆవిరి లొంగును. పెడలు మెత్తబడి అడుగునకు పోవును. బాటమీద తొలిసారి దిగినవారిని భయపెట్టునది తరచుగా ఇదియే, ప్యాడు కాదు. కొత్త ద్రవము, మూడువంతులైనను మందము మిగిలిన నాణ్యమైన సెమీ మెటాలిక్ ప్యాడులు, బిగుసుకొనక కదలు క్యాలిపర్లు, ఇవి యున్నచో తొలినాటి అభ్యాసికి, నాలుగైదు చుట్లకొకమారు నెమ్మదించి నడుపుకొనువానికి, చాలును.

నేర్పు పెరిగి వేగము పెరిగిన పిమ్మట రెండు జతలు ఉంచుకొనవలెను: రోడ్డు జత తొడిగి పోవుట, బాటవద్ద పందెపు జతకు మార్చుట, తిరిగివచ్చునప్పుడు మరల రోడ్డు జత తొడుగుట. చేయి తిరిగిన మెకానిక్కునకు ఇది పెద్ద పని కాదు. కేవలము ముందువే మార్చి వెనుకవాటిని మరచినచో పట్టునందు ముందువెనుకల పొందిక చెడును. కారును నిర్మించినవారు ఏర్పరచిన ఆ పొందికను తెలియక కదలింపరాదు.

కొత్త ప్యాడును తొడిగినంతనే అది సిద్ధము కాదు. దానిలోని పదార్థము డిస్కుమీద పలుచని, సమానమైన పొరగా అంటుకొనవలెను. అటుపై పట్టు ఆ పొరకును ప్యాడునకును నడుమ కలుగును. ఇందుకొరకు వేకువజామున నిర్జనమైన దారిలో 60 కిలోమీటర్ల నుండి 15కు, పూర్తిగా ఆపక, ఒకదానివెంట ఒకటిగా ఎనిమిది పదిమారులు తగ్గించి, పిదప బ్రేకు తాకక కొంతదూరము నడిపి చల్లార్పవలెను. వేడి డిస్కుమీద ప్యాడును నొక్కి నిలిపినచో అక్కడ అచ్చు పడి, తరువాత పెడలు అదరును. డిస్కు వంగినదని జనులు చెప్పుకొనునది అనేకసార్లు ఈ అచ్చు వలననే. ఆ కారణముచేతనే బాటమీదినుండి వచ్చిన కారునకు హ్యాండ్ బ్రేకు వేయక, గేరులో నిలుపుదురు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్లు పందెమాడినప్పుడు వాని వెనుక చక్రములకు ద్రవపు బ్రేకులే లేవు. మోటారే వేగమును తిరిగి విద్యుత్తుగా మ్రింగినది. ఆ విద్య మన వీధుల విద్యుత్ కార్లకును వచ్చినది. దానివలన ప్యాడు అంతగా అరుగదు గాని, వాడుక లేక తీరపు ఉప్పుగాలికి డిస్కు త్రుప్పు పట్టును. అట్టి కార్లవారు వారమున కొకమారైనను బ్రేకును గట్టిగా వాడి శుభ్రపరచుకొనుట మేలు.

మెకానిక్కు సోదరులకు ఒక విన్నపము. డ్రమ్ములలోని, క్యాలిపర్లలోని ధూళిని గాలిగొట్టముతో ఊదకుడు. పాత లైనింగులలో రాతినార యుండవచ్చును, ఆ పొడి ఊపిరిలోనికి పోయి ఏండ్ల తరువాత ప్రాణము తీయును. తడిగుడ్డతో తుడిచి పారవేయుడు. ఇక ఇరుంగాట్టుకోట్టైకి బయలుదేరు యువకులారా, వెళ్లుటకు వారము ముందే బ్రేక్ ఆయిల్ మార్పించుకొనుడు, ప్యాడుల మందము కన్నులారా చూచుకొనుడు. సాయంకాలము అలసియున్నను, చీకటి పడుచున్నను, పందెపు ప్యాడులతో రహదారి ఎక్కకుడు.