ఖాళీ ఖజానా ఎవరి మెడకు?

స్థానిక సంస్థల ఆర్థిక ఇబ్బందుల మీద రాసేవాళ్లు చాలామంది ఒకే సలహా దగ్గర ఆగుతున్నారు: పంచాయతీలు సొంత ఆదాయం పెంచుకోవాలి, ఖర్చు తగ్గించుకోవాలి. ఈ సలహాలో కులం ఊసు లేదు, ఫ్యాక్టరీ ఊసు లేదు. పటాన్‌చెరు - సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం నుంచి చూస్తే ఇది ఎంత బోలు సలహానో తెలుస్తుంది.

ముందు ఆదాయం సంగతి చూద్దాం. పారిశ్రామికవాడలో ఆస్తి పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, 'ఐలా' అనే పారిశ్రామిక ప్రాంత స్థానిక అధికార సంస్థ. వసూలైన దాంట్లో 35 శాతం స్థానిక సంస్థకు, మిగతా 65 శాతం పారిశ్రామికవాడకు అనేది పద్ధతి. ప్రహరీ లోపల రోడ్లు, లైట్లు. ప్రహరీ బయట మురుగు, చెత్త, కూలీల అద్దె గదులు. నక్కవాగులో కలిసిన విషం మాత్రం ఏ ప్రహరీ దగ్గరా ఆగలేదు గదా!

ఇక గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం పట్టుకున్నది 2011 జనాభా లెక్క. ఆ తర్వాత బీహార్, జార్ఖండ్, ఒడిశాల నుంచి పాశమైలారం, ఇస్నాపూర్ వచ్చిపడ్డ కార్మికులు అందులో ఎట్లా ఉంటారు? 2025 జూన్ 30న సిగాచి పేలుడులో చనిపోయినవాళ్లలో చాలామంది ఇట్లాంటి వలస కార్మికులే. ఆ సంఘం గ్రాంటులో కూడా 60 శాతం నీళ్లు, పారిశుద్ధ్యాలకే కట్టేసి ఇచ్చారు. మిగిలింది జీతాలకు వాడొద్దన్నారు.

అంబేద్కర్ 1925లో అచ్చయిన తన గ్రంథంలో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక చరిత్రను పరిశీలించి, పైవాడు విదిల్చే కేటాయింపులు, పంచి ఇచ్చే పన్నులు స్వయం అధికారం కావని తేల్చారు. మన మేధావులు ఆయన్ని రాజ్యాంగానికి, రిజర్వేషన్లకు పరిమితం చేసి ఈ పుస్తకాన్ని పక్కన పెట్టారు. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాసుకున్నాం. పని కిందికి దిగింది గానీ పైసలు దిగలేదు.

అదే సవరణ దళితులను సర్పంచులను చేసింది. అయితే తెలంగాణ 2018 చట్టం చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం కూడా పెట్టించింది. ఉపసర్పంచి పదవికి రిజర్వేషన్ లేదు. అంటే కుర్చీ వాడకిచ్చి, కలం ఊరి పెద్దల చేతికిచ్చే దారి తెరిచి పెట్టారన్న మాట. 2019 నుంచి పల్లె ప్రగతి పేరుతో ట్రాక్టర్లు, శ్మశానవాటికలు, డంపింగ్ యార్డులు వచ్చాయి. ట్రాక్టరు కిస్తీ, డీజిలు, కరెంటు బిల్లు పంచాయతీవే. అప్పు తెచ్చి పనులు చేయించిన సర్పంచులు బిల్లుల కోసం రోడ్డెక్కారు. 2024 ఫిబ్రవరిలో వాళ్ల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబర్ దాకా ఎన్నికల్లేవు. పాలకవర్గాలు లేవని కేంద్ర గ్రాంట్లూ ఆగాయి. భూమి ఉన్న సర్పంచి ఈ అప్పును తట్టుకుంటాడేమో. కూలి చేసుకునే ఇంటి నుంచి వచ్చిన దళిత సర్పంచి ఏం అమ్మాలి?

అన్నిటికన్నా కింద సఫాయి కార్మికులున్నారు. పైసలు లేనప్పుడు కరెంటు బిల్లు కట్టకపోతే దీపాలు ఆగుతాయి, కిస్తీ కట్టకపోతే బ్యాంకు ఊరుకోదు. జీతం ఇవ్వకపోయినా చీపురు మాత్రం ఆగదు. అందుకే నెలల తరబడి బకాయి పెట్టేది వాళ్లకే. జీవో 51 'మల్టీపర్పస్' పేరుతో ఒకే మనిషి చేత ఊడ్పించి, మోరీ తీయించి, ట్రాక్టరు నడిపించే ఏర్పాటు చేసింది. 2023 జూలై సమ్మెలో కార్మికులు దాన్ని రద్దు చేయమన్నారు. ఆర్థికవేత్తలు 'సర్దుబాటు' అని రాసేది దీన్నే. సర్దుకుంటున్నది పంచాయతీ కాదు, మాల మాదిగ వాడ.

మా ఇళ్లలో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్లం మేము. బడ్జెట్ లెక్కలు మనవి కావన్న భ్రమ వదలాలని తోటి కార్యకర్తలను, విద్యార్థులను కోరుతున్నాం. ఐలా పన్నులో ఊరి వాటా పెంచాలని అడుగుదాం. సఫాయి జీతాలు పంచాయతీ ఖాతాతో ముడిపెట్టకుండా నేరుగా ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వాలని అడుగుదాం. గ్రామసభలో జమాఖర్చులు చదవమని పట్టుబడదాం. ఆత్మగౌరవ పోరాటంలో పద్దు పుస్తకానికి కూడా చోటుంది.