ఊపిరాడని పాకలో గొడుగు విచ్చుకోదు

సార్వా కోతలయ్యి గడ్డి మేటుకెక్కే రోజుల్లో ముత్యపుచిప్ప పుట్టగొడుగుకి కావలసినవన్నీ మన గోదావరి జిల్లాల్లో చేతికందేంత దూరంలోనే ఉంటాయి. దానికి నచ్చేది 20 నుంచి 28 డిగ్రీల వేడి. మన డిసెంబరు, జనవరి నెలలు ఇంచుమించు అలాగే నడుస్తాయి. బటన్ పుట్టగొడుగుకైతే 14 నుంచి 18 డిగ్రీలుండాలి, అంటే ఏసీ గది పెట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి. దీనికి తాటాకు పాక చాలు. అయినా మొదటి కాపు చూసి నీరుగారిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చూసినంతలో ఎక్కువ చోట్ల తప్పు వేడిలోనూ లేదు, విత్తనంలోనూ లేదు. తేమ పోతుందన్న భయంతో పాకని నాలుగువైపులా మూసేస్తున్నారు.

ముత్యపుచిప్ప నిజానికి చెట్టు మీద బతికే జీవి. చచ్చిన మానులో అంత తేలిగ్గా దేనికీ లొంగని లిగ్నిన్ అనే పదార్థాన్ని కరిగించి తింటుంది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధపు కరువులో, జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రవేత్త దీన్ని చెట్టు మొద్దుల మీద పెంచి చూపించాడు. మన దేశంలో 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ ఈ జాతిని వరిగడ్డి మీద పండించారు. కర్ర కన్నా గడ్డి దానికి సులువైన తిండి. కానీ అడవిలో మాను చుట్టూ గాలి ఆడుతూ ఉంటుంది. మనం గడ్డిని ప్లాస్టిక్ సంచిలో కుక్కి, ఆ సంచిని గదిలో పెట్టి, ఆ గదికి తలుపేస్తున్నాం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మొదటి రెండు మూడు వారాలు తలుపేసినా ఏమీ కాదు. స్పాన్, అంటే విత్తనం, గడ్డిలోకి పాకే దశలో చీకటి ఉన్నా, బొగ్గుపులుసు వాయువు పెరిగినా అది ఓర్చుకుంటుంది. పాలు తోడుకున్నట్టు సంచి అంతా తెల్లగా గట్టిపడుతుంది. దాంతో పద్ధతి కుదిరిందనుకుని అలాగే కొనసాగిస్తారు. అక్కడి నుంచి దాని అవసరం మారిపోతుంది. మొగ్గ తొడిగే వేళకి వెలుతురూ, కొత్త గాలీ కావాలి. పుట్టగొడుగు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆ వదిలింది పాకలోనే నిలిచిపోతే కాడ సన్నగా, పొడుగ్గా సాగిపోతుంది, చిప్ప మాత్రం గుండీ అంత దగ్గర ఆగిపోతుంది. అలాంటి గుత్తి కనిపిస్తే నీళ్లు కొట్టకండి, కిటికీ తీయండి. ఈగలు రాకుండా సన్నటి మెష్ కొట్టిస్తే సరిపోతుంది.

గడ్డి తడిలోనూ ఇదే సంగతి. రెండు మూడు అంగుళాల ముక్కలు కోసి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి, నీడలో ఆరబెడతాం. మందు నీళ్లలో నానబెట్టేవాళ్లూ ఉన్నారు, తినే వస్తువు కాబట్టి నా ఓటు వేడినీళ్లకే. ఆరిందో లేదో చూడడానికి గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండాలి. అరచెయ్యి చెమ్మగిల్లాలి, వేళ్ల సందునుంచి చుక్క మాత్రం కారకూడదు. కారిందంటే గడ్డి లోపల గాలికి చోటు లేనట్టే. సంచి అడుగున నీరు చేరి పులిసిన కంపు కొడుతుంది, ఆ వెనకే పచ్చబూజు దిగుతుంది.

కాపు దశలో గాలిలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలంటారు. కాలవలూ, చేలూ ఉన్న మన ఊళ్లలో వానాకాలమంతా అది ఉండనే ఉంటుంది. పొడి నేలల వాళ్లకి చెప్పినట్టు రోజుకి మూడుసార్లు ఇక్కడా పిచికారీ చేస్తే మొగ్గలు కుళ్లిపోతాయి. చలికాలం మధ్యాహ్నాలు గాలి ఆరినప్పుడు నేల మీద ఇసుకనీ, చుట్టూ కట్టిన గోనెపట్టాలనీ తడపడం మేలు. చిప్ప అంచు పైకి మడతపడకముందే కోసేయాలి. ఆలస్యమైతే పొడి రాలుతుంది, అది కొందరికి దగ్గు తెప్పిస్తుంది.

ఎండాకాలం దీన్ని బతిమాలి పెంచాలని చూడకండి. 30 నుంచి 35 డిగ్రీలు కోరే పాల పుట్టగొడుగూ, వరిగడ్డి పుట్టగొడుగూ అప్పటికి ఉన్నాయి.

నన్ను బాధపెట్టేది దాళ్వా తర్వాత చేలల్లో లేచే పొగ. కిలో ఎండుగడ్డికి అరకిలో దాకా పుట్టగొడుగులు తేలిగ్గా దిగుతాయి, కాపు అయ్యాక మిగిలిన గడ్డి కొబ్బరి మొదళ్లకి ఎరువవుతుంది. అంత చేసే గడ్డికి నిప్పు పెడుతున్నాం.

కార్తీకంలో నీచు మానేసే ఇళ్లలో పుట్టగొడుగులకి గిరాకీ ఉంటుంది, ఆ లెక్కన దసరా వెళ్లగానే మొదలుపెట్టండి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వెళ్లి అడగండి. వంద సంచులతో కాదు, పదితో మొదలుపెట్టండి. స్పాన్ కొనేటప్పుడు తయారైన తేదీ అడగండి, నెల దాటినదైతే వద్దనండి.