అతిథి రాని నెలల కోసం

మూడు లక్షల రూపాయలు చేతికిచ్చి, కొండ మీది పాత మట్టింటిని పర్యాటకులు దిగేలా బాగుచెయ్యమంటే ముందు దేని మీద ఖర్చు పెడతారు? పాలకొండలో నాకు తెలిసినవాళ్లని అడిగి చూశాను. తాపీమేస్త్రి టైల్స్ అన్నాడు. కరెంటు పనిచేసే కుర్రాడు ఏసీ, గీజరు అన్నాడు. విశాఖ నుంచి శని, ఆదివారాలకి కారేసుకొచ్చే స్నేహితుడు, “గోడల మీద మాంచి బొమ్మలేయించండి, ఫొటోలకి అదిరిపోద్ది” అన్నాడు. ముగ్గురూ ఒకటి రెండు రాత్రులుండి పోయే మనిషి గురించే ఆలోచించారు. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఉండేవాళ్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మూడు లక్షల లెక్క ప్రభుత్వానిదే. 2024 అక్టోబరు 2న హజారీబాగ్‌లో ప్రధాని ప్రారంభించిన ‘ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్’లో గిరిజన హోమ్‌స్టేలకీ చోటుంది. దేశం మొత్తానికి వెయ్యి. పర్యాటకులు వచ్చే వీలున్న ఊళ్లో ఐదు నుంచి పది ఇళ్లు. కొత్తగా రెండు గదులు కట్టుకుంటే ఇంటికి 5 లక్షల వరకూ, ఉన్న ఇంటిని బాగుచేసుకుంటే 3 లక్షల వరకూ, ఊరి ఉమ్మడి అవసరాలకి మరో 5 లక్షలూ ఇస్తామన్నారు. పాలకొండ దగ్గరి సీతంపేట కొండల్లో హోమ్‌స్టే మాట ఎత్తితే ఇక నుంచి ఈ అంకెలే ముందుకొస్తాయి కాబట్టి, ఆ డబ్బు దేనికి పెడితే ఇల్లు ఇల్లుగా ఉంటుందో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

సీతంపేటకి జనం రావడం కొత్తేమీ కాదు. ఆడలి వ్యూపాయింటు, మెట్టుగూడ జలపాతం, ఊళ్లో అడ్వెంచర్ పార్కు చూసుకుని, దారిలో అనాసపండ్లూ కొండచీపుర్లూ కొనుక్కుని సాయంత్రానికి ఘాట్ దిగిపోతారు. అరకులో లాగా రాత్రి ఆగేవాళ్లు తక్కువ. ఆగడానికి మంచి చోటు చూపిస్తే ఆగుతారన్న ఆశతోనే ఈ కదలికంతా.

అయితే ఊటీ, కూర్గు, చెట్టినాడుల దారి ఇక్కడ చెల్లదు. అక్కడ డబ్బున్నవాడు పాత బంగళా కొంటాడు, లేదా పదేళ్లకి లీజుకి తీసుకుంటాడు, తన అభిరుచి మేరకి తీర్చిదిద్దుకుంటాడు. మన్యంలోని షెడ్యూల్డ్ గ్రామాల్లో అది కుదరదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి, శ్రీకాకుళం కొండలు గిరిజన పోరాటంతో రగులుతున్న రోజుల్లో, 1970లో సవరణ వచ్చింది. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. గిరిజనేతరుడికి స్థిరాస్తి అమ్మడం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు, దానం కూడా అందులో బదలాయింపు కిందికే వస్తాయి. బోర్డు మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర వేరే మనిషి అన్న బినామీ బాగోతాలు మన్యంలో లేవని చెప్పలేం. చట్టం ఉద్దేశం మాత్రం తేటతెల్లం. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపుకీ యజమాని కుటుంబం ఆ ఇంట్లో కాపురముండాలి, అద్దెకిచ్చే గదులు ఆరు మించకూడదు. కాబట్టి ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అన్నది తేల్చాల్సింది ఆ గడపలో ఉండేవాళ్లే. మనబోటివాళ్లం సలహా అడిగితే చెప్పాలి, అంతే.

అలా సలహా కోసం పిలిస్తే వెళ్లి, పని సగం దగ్గరుండి చూసిన ఇల్లు ఒకటుంది. ఓ సవర గిరిజనుల గూడలో, వరసగా ఆనుకుని ఉండే ఇళ్లలో ఒకటి. ఎర్రమట్టి గోడలు, ముందు పొడవాటి అరుగు, బాగా వంగితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. లోపల ఒకటే పెద్ద గది. ఓ పక్క పొయ్యి, దాని మీద అటక. అటక మీద పసుపు కొమ్ములు, విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు, చోళ్ల బుట్ట. గడ్డి కప్పు పోయి బెంగుళూరు పెంకు వచ్చింది గానీ కింద వాసాలు పాత వెదురే.

ముందు పొయ్యి తీసేద్దామన్నాడు కొడుకు. పొగకి పట్నం మనిషి ఉండలేడన్నది నిజమే. వాళ్లమ్మ తల పైకెత్తి వాసాల వైపు చూపించింది.

“ఆ నలుపు సూసినావా బాబూ? పొగున్నంతకాలం పురుగు రాదు. గేసు పెట్టుకున్నోళ్ల ఇల్లు సూడు, పిండి రాల్తంది.”

పక్క వరసలో ఒకరింటికి వెళ్లి చూశాను. వెదురు వాసాల్లో గుండుసూది తలంత బెజ్జాలు, వాటి కింద నేల మీద తెల్లటి పొడి చిన్నచిన్న కుప్పలు. వెదుర్లో ఉండే పిండిపదార్థం కోసమే పుచ్చు పురుగు దాన్ని తొలుస్తుంది. రోజూ పొగ తగిలే కర్ర పొడిగా ఉంటుంది, మసి పట్టిన పైపొర పురుగుకి సహించదు. వంటకి గ్యాస్ పెట్టుకోవద్దని ఎవరూ అనరు, ఆడవాళ్ల ఊపిరితిత్తుల సంగతీ చూడాలి. ఆ ఇంట్లో మధ్యేమార్గం కుదిరింది. పొగ బయటికి పోయేలా పెంకుల మధ్య సందు వదిలి, పొయ్యిని ఉన్నచోటే ఉంచారు. రోజువారీ టీలకీ టిఫిన్లకీ గ్యాస్. అతిథి గది మాత్రం అరుగు చివర ఒకప్పటి పశువుల కొట్టంలో తయారైంది. పొగ తగలని ఆ కప్పుకి బోరాక్సూ బోరిక్ యాసిడూ కలిపిన నీళ్లలో నానబెట్టిన వెదురు వాడారు.

తర్వాత గోడల పంచాయితీ. మేస్త్రి సిమెంటు పూత తప్పదన్నాడు. మట్టిగోడ వానాకాలం తేమ పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమకి దారి ఉండదు. పైగా మట్టి సాగి కుంచించుకునే తీరు వేరు, సిమెంటు తీరు వేరు. కొన్ని వానలకి పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ ఊడుతూ కింది మట్టినీ పట్టుకుపోతుంది. జల్లించిన ఎర్రమన్ను, ఇసుక, సన్నగా తరిగిన గడ్డి, పేడ కలిపి మాగబెట్టిన పూత అయితే గోడతో పాటే పీల్చి గోడతో పాటే వదులుతుంది. అది పూయడానికి మేస్త్రి అక్కర్లేదు, గూడలో ఆడవాళ్లకి చిన్నప్పటి నుంచీ వచ్చిన పని. నేను గట్టిగా చెప్పిందల్లా ఒకటే: మేస్త్రికి ఇచ్చే కూలే వాళ్లకీ లెక్కకట్టి ఇవ్వండి అని. ఇంటి ఆడవాళ్లు చేస్తే ఖర్చు లేదన్న లెక్క మొదలైందంటే, రేపు అతిథి వంట, అతిథి పక్కబట్టలు ఉతకడం కూడా అదే పద్దులోకి పోతాయి.

చూరు కోసేద్దామన్నది ఇంకో సలహా. తలలు తగులుతాయి, లోపల చీకటి, రెండూ నిజం. కానీ ఆ చూరే గోడకి గొడుగు. అది పొట్టిదైతే వానజల్లు గోడ పాదాన్ని కొట్టి మట్టిని కరిగిస్తుంది, పెట్టిన డబ్బంతా ఆ పాదంలోంచే పారిపోతుంది. చీకటికి వేరే మందుంది. కప్పులో రెండు పెంకులు తీసి గాజు పెంకులు పెడితే పగటిపూట దీపం అక్కర్లేదు. కరెంటు తీగల కోసం గోడ తొలవకుండా, చెక్కల మీదుగా పైపుల్లో తిప్పితే సరిపోయింది. తల సంగతంటారా, చూరు కింద రెండుసార్లు తగిలాక ఎవరైనా వంగడం నేర్చుకుంటారు.

డబ్బులో పెద్ద వాటా నీళ్లకీ మరుగుదొడ్డికీ పోయింది. పోవాలి కూడా. కొండ ఊట దగ్గర తొట్టి కట్టి పైపు వేస్తే, మోటారు లేకుండా నీళ్లు వాలు మీదుగా తమంతట దిగివస్తాయి. ఊట కన్నా దిగువన, ఇంటికి కాస్త ఎడంగా రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక గుంత నిండాక దారి రెండోదానికి మళ్లిస్తారు. మొదటిదాన్ని ఏడాది పైన కదపకుండా వదిలేస్తే పొలానికి ఎరువవుతుంది. పట్నం మనిషి స్నానానికే రెండు బకెట్లు ఒంపుకుంటాడు. కుళాయి లేకుండా అతిథిని పిలిస్తే, ఆ నీళ్లన్నీ ఆ ఇంటి కోడలి నెత్తి మీదుగా రావాలి. మన్యంలో వానాకాలం మలేరియా భయం ఎలాగూ ఉంటుంది, అతిథి మంచానికి దోమతెర కొన్నప్పుడు ఇంటివాళ్ల మంచాలకీ కొనాలి. ఒకే అరుగు మీద ఒకరికి తెర, ఒకరికి దోమ అంటే అది మర్యాద అనిపించుకోదు.

అలంకారం విషయానికొస్తే, నేను చూసిన చాలా రిసార్టుల గోడల మీద వార్లీ బొమ్మలున్నాయి. అవి మహారాష్ట్ర గిరిజనులవి. మన సవరలకి తమవైన బొమ్మలున్నాయి, ఎడిసింగ్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, చివర నలగ్గొట్టిన పుల్లతో, నీళ్లలో కలిపిన బియ్యప్పిండితో గీసే తెల్లటి బొమ్మలు. ముందు నాలుగు గీతల చట్రం గీస్తారు, అది ఇల్లు. దాని లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, వరసకట్టి నడిచే మనుషులు. సవరల మతాచారాల మీద 1955లో పెద్ద పుస్తకం వెలువరించిన వెరియర్ ఎల్విన్ ఒడిశా కొండల్లో ఇలాంటి బొమ్మల్లో సైకిళ్లూ విమానాలూ కూడా చూశాడు. కొత్తగా కంటపడిందల్లా గోడకెక్కించుకునే కళ ఇది.

అయితే అది చూసేవాళ్ల కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పోయినవాళ్లు కలలోకి వచ్చి అడిగినప్పుడు, పంట బాగుండాలని కోరుకున్నప్పుడు, పూజారి చెప్పిన మీదట వేస్తారు. ఆ చట్రంలో వచ్చి ఉండేది ఆ ఇంటి పెద్దల ఆత్మ, లేదా దేవత. ఇలా చూస్తే ఆ ఇంట్లో గోడ మీద ఓ అతిథి గది ఎప్పటి నుంచో ఉంది, దానికి చేయాల్సిన మర్యాదలూ ఉన్నాయి. ఫొటోలకి బాగుంటుందని అలాంటి గది ఇంకోటి గీయించి, పిలవాల్సినవాళ్లని పిలవకుండా వదిలేయమంటే ఆ తల్లి ఒప్పుకుంటుందా? ఒప్పుకోలేదు. లోగోడ జోలికి ఎవరూ పోలేదు. అతిథి గదికి గుడ్డ మీద వేసిన బొమ్మ తెచ్చి కట్టారు. సీతంపేట మండలంలోనే అడ్డాకులగూడ లాంటి చోట్ల బట్ట మీద, కాగితం మీద ఈ బొమ్మలు వేసి అమ్మేవాళ్లున్నారు. వేసినవాళ్లకి డబ్బు ముట్టింది, లోగోడ ఇంటివాళ్లకి మిగిలింది.

గుమ్మానికి వరి కుచ్చులు వేలాడదీసి, మూలన జీలుగు కల్లు కుండలు పేరిస్తే గిరిజన వాతావరణం వస్తుందన్న ఆలోచనా ఎవరికో వచ్చింది. ఇంటాయన నవ్వేశాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా ఈ జిల్లాలో తిరుగుతున్నాయి. “ధాన్యం, కల్లు కనపడేలాగ పెడితే మీకన్నా ముందు అవే వస్తాయి” అన్నాడు. ఇంటి అలంకారం మీద నేను విన్న సలహాల్లో దీన్ని మించింది లేదు.

తెలుగువాళ్లకి సవరల మాట గౌరవంగా వినిపించినవారు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో పనిచేసే రోజుల్లో, తెలుగు వచ్చిన ఓ సవరని తన ఇంట్లోనే ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆ కృషే 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. అక్కడ ఇల్లు తెలుగువాడిది, అతిథి సవర. నేర్చుకున్నది ఇంటాయన. ఇప్పుడు ఇల్లు సవరది, వెళ్లి దిగేది మనం. నేర్చుకోవాల్సిన వంతు మాత్రం మనకే ఉండిపోయింది. చోడంబలి పెడితే తాగడం, చూరు కింద వంగడం, కందికొత్తల పండగ నాడు గది ఖాళీ లేదంటే సరేననడం, అన్నీ అందులోవే. ఆ ఇంటివాళ్లు పండగ రోజుల్లో గది ఇవ్వమని ముందే తేల్చి చెప్పేశారు. నాకది వ్యాపారం తెలియనితనంలా అనిపించలేదు.

ఇక రాబడి. ఈ కొండలకి జనం వచ్చేది చలికాలంలోనే ఎక్కువ, తర్వాత సెలవుల్లో కొంత. మిగతా ఏడాదంతా గది ఖాళీ. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: అతిథి రాని నెలల్లో కూడా పనికొచ్చేదైతే కొనండి, కాకపోతే ఆగండి. ఏసీ ఆ నెలల్లో గోడకి బరువు. కుళాయి, మరుగుదొడ్డి, దోమతెర, గాజు పెంకు రోజూ పనిచేస్తాయి. కిందటి వానాకాలం ఆ కొట్టం గదిలో ఎవరూ దిగలేదు. అయినా ఇంట్లో దిగులేమీ లేదు, సొంత డబ్బుతో కొంచెం కొంచెంగా చేసుకున్న పని కాబట్టి వడ్డీ పెరగలేదు, చేసిన ప్రతి మార్పునీ వాళ్లే వాడుకున్నారు.

రేపు పథకం డబ్బు వచ్చి, ఎవరో ఇంజినీరు ఎస్టిమేటు కాగితం పట్టుకుని గూడకి వస్తాడు. మొదటి వరసలో నీళ్లు రాయాలి. రెండో వరసలో మరుగుదొడ్డి. మూడో వరసలో కప్పూ, గోడ పాదమూ, ఆ పని చేసే ఆడవాళ్ల కూలీ. గోడకి ఏ రంగు, ఏ బొమ్మ అన్న వరస ఆఖర్న ఖాళీగా వదిలేయాలి. అది నింపుకోవాలో అలాగే ఉంచాలో ఇంటివాళ్లు చూసుకుంటారు.