786 నంబరు బిళ్ల

మా ఇళ్లల్లో సినిమా హరామ్ అన్న పెద్దలున్నారు. అయినా మేం చూశాం. జుమ్మా నమాజు చదివి ఇంటికి పోకుండా మాట్నీకి పోయాం. తెలుగు సినిమాకు పోతే అందరితో పాటు నవ్వి, అందరితో పాటు ఏడ్చి వచ్చేవాళ్లం. అమితాబ్ బచ్చన్ సినిమాకు పోతే ఇంకోటి కూడా జరిగేది. తెర మీది ఆరడుగుల మనిషి మా ఇంటి మాట మాట్లాడేవాడు. పేరుకు హిందీ సినిమా. కానీ సలీం-జావేద్ రాసినా, ఖాదర్ ఖాన్ రాసినా అందులోని దోస్తీ, ఈమాన్, ఇజ్జత్, ఖుద్దారీ మా అబ్బాజాన్‌ల నోట విన్న మాటలే. బడిలో మేం ఆ మాటలంటే 'తురక మాటలు' అని నవ్వినవాళ్లే హాల్లో ఆ మాటలకు ఈలలు వేశారు. ఆ మూడు గంటలూ మేం తలెత్తుకుని కూర్చున్నాం.

అమితాబ్ సినిమాల్లో గొప్పవి ఏవని ఎవర్నడిగినా జంజీర్, దీవార్, షోలే, అమర్ అక్బర్ ఆంథోనీ, ముకద్దర్ కా సికందర్ అంటారు. మేమూ అవే అంటాం. చివర కూలీ కూడా చేరుస్తాం. 1973 నుంచి 1983 దాకా పదేళ్లు ఈ దేశంలో కోపానికి మరో పేరు అమితాబ్. ఉద్యోగం దొరకనివాడూ, మిల్లు మూతపడ్డవాడూ, పోలీసు చేత లాఠీదెబ్బ తిన్నవాడూ తమ కోపాన్ని అతనికి అప్పగించి ఇంటికెళ్లారు. మేమూ అప్పగించాం. ఇన్నేళ్ల తర్వాత మాకో లెక్క తేల్చుకోవాలనిపిస్తోంది. ఆ మొనగాడి పక్కన మేం ఎక్కడున్నాం? ఏం చేస్తున్నాం? అభిమానులుగానే అడుగుతున్నాం.

ప్రకాశ్ మెహ్రా తీసిన జంజీర్‌తో మొదలుపెడదాం. ఇన్‌స్పెక్టర్ విజయ్ ఖన్నా ముందుకు జూదపు అడ్డా నడిపే పఠాన్ షేర్ ఖాన్ వస్తాడు. ప్రాణ్ వేసిన వేషం. షేర్ ఖాన్ కూర్చోబోతే విజయ్ కుర్చీని కాలితో తంతాడు. ఆ తన్నుతోనే అమితాబ్ నిలబడ్డాడని చెబుతారు. నిజమే. అంతకు ముందు వరసగా సినిమాలు పోయిన నటుడు ఆ ఒక్క సీనుతో మారిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ బజార్లో కలబడతారు. ఆ దెబ్బలాటతో షేర్ ఖాన్ ఇన్‌స్పెక్టర్ మగతనాన్ని మెచ్చుకుని అడ్డా మూసేస్తాడు, దోస్తవుతాడు. విజయ్ దిగులుగా ఉంటే వాణ్ణి నవ్వించడానికి ఆడి పాడతాడు. దీన్నే తెలుగులో 1974లో ఎన్టీఆర్‌తో 'నిప్పులాంటి మనిషి'గా తీశారు. కైకాల సత్యనారాయణ షేర్ ఖాన్. తెలుగునాట ఆ పాత్రను ఎంత ప్రేమించారో మాకు తెలుసు. చేతిలో దస్తీ ఊపుతూ షేర్ ఖాన్‌లా ఆడని పిల్లాడు మా మొహల్లాలో లేడు.

కానీ చూడండి. మంచి ముసల్మాన్ కావాలంటే షేర్ ఖాన్ ముందు నేరం చేసి ఉండాలి. ఆ తర్వాత లొంగాలి. ఆ తర్వాత ప్రాణమిచ్చే స్నేహితుడు కావాలి. దోస్తీ పూర్తిగా అతని వైపు నుంచే. కథ, పగ, గెలుపు విజయ్‌వి.

1975లో యశ్ చోప్రా తీసిన దీవార్ వచ్చింది. అమితాబ్ సినిమాలన్నిట్లో ఇదే గొప్పదని మా అభిప్రాయం. ఇందులో ఒక్క సీను అనవసరంగా లేదు. తండ్రి చేయని నేరాన్ని కొడుకు చేతి మీద పచ్చబొట్టుగా పొడిచారు. ఆ చేత్తోనే వాడు బొంబాయి రేవులో మూటలు మోస్తాడు. వారం వారం కూలీల దగ్గర మామూళ్లు గుంజే రౌడీల్ని గోదాములోకి రప్పించి, తలుపు తాళం వేసి, ఒక్కడే అందర్నీ కొడతాడు. ఆ గోదాము సీనుకు హాల్లో లేచి నిలబడ్డవాళ్లలో మేమున్నాం. దెబ్బల కోసం ఒక్కటే కాదు. మా ఇళ్లలో హమాలీలున్నారు. మూట బరువేమిటో, మేస్త్రీ చెయ్యి ఎంత చాపుతాడో మాకు తెలుసు.

ఆ రేవులో విజయ్ కూలీ బిళ్ల నంబరు 786. అది వట్టి అంకె కాదని రహీం చాచా చెబుతాడు. బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం అన్న మాటల్లోని అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టి కూడితే 786 వస్తుంది. ఉలేమాల్లో కొందరు ఈ లెక్కను ఒప్పుకోరు. కానీ మా జనం దాన్ని దుకాణం బోర్డు మీద రాసుకున్నారు, లారీ నుదుట రాసుకున్నారు, పెళ్లి కార్డు మీద వేసుకున్నారు. ఆ అంకె ఉన్న రూపాయి నోటును ఖర్చుపెట్టకుండా దాచుకున్నారు. దేవుణ్ణి నమ్మని విజయ్, గుడి మెట్టు ఎక్కని విజయ్, చాచా మాట మీద ఆ బిళ్లను జేబులో దాచుకుంటాడు. తూటా వచ్చి బిళ్లకు తగిలి అతను బతుకుతాడు. చివర పోలీసు తమ్ముడు వెంటపడినప్పుడు ఆ బిళ్ల చేజారుతుంది. తమ్ముడి తూటా తగులుతుంది. గుడిలో, తల్లి ఒడిలో ప్రాణం పోతుంది. బిళ్ల జారినప్పుడు మా పక్కన కూర్చున్నవాళ్లు 'యా అల్లా' అన్నారు. అందులో ముసల్మాన్లు కానివాళ్లూ ఉన్నారు. ఆ క్షణం అబద్ధమని మేం అనం. హాలంతా మా అంకె కోసం ఏడ్చిన క్షణం అది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. విజయ్ పాత్రకు హాజీ మస్తాన్ జీవితం కొంత ప్రేరణ అని సినిమా లోకంలో అందరూ చెప్పుకునేదే. తమిళనాడు రామనాథపురం వైపు నుంచి బొంబాయి చేరి, రేవులో కూలీగా మూటలు మోసి, స్మగ్లింగులో ఎదిగిన ముసల్మాన్ అతను. స్మగ్లర్‌ను మా వీరుడని చెప్పుకోవాలన్న సరదా మాకు లేదు. జీవితం తెరకెక్కేటప్పుడు ఏం జరిగిందన్నదే మా ప్రశ్న. రేవు మిగిలింది, మూట మిగిలింది, కోపం మిగిలింది. మనిషి పేరు విజయ్ వర్మ అయింది. ముసల్మాన్ తాలూకు మిగిలింది ఒక అంకె, దాని అర్థం చెప్పే ఒక ముసలాయన. పాతికేళ్లుగా ఆ రేవులో మామూళ్లు కడుతూ వచ్చింది రహీం చాచా. ఎదురు తిరిగింది నిన్న వచ్చిన విజయ్. పాతికేళ్ల అవమానం ఎవరిదో, కోపం కూడా వాళ్లకే రావాలి కదా? సినిమా చాచాకు ఓర్పు ఇచ్చింది. విజయ్‌కి కోపం ఇచ్చింది.

అదే ఏడు ఆగస్టు 15న షోలే విడుదలైంది. గుడ్డివాడైన ఇమాం సాబ్ కొడుకు అహ్మద్‌ను గబ్బర్ చంపించి గుర్రం మీద ఊరికి పంపుతాడు. జై, వీరూల్ని అప్పగించి బతుకుదామని ఊరి జనం అంటుంటే ఇమాం సాబ్ వద్దంటాడు. ఊరి కోసం ఇవ్వడానికి ఇంకా కొడుకులు ఎందుకివ్వలేదని అల్లాను అడుగుతానంటూ మసీదుకు పోతాడు. ఎ.కె. హంగల్ ఆ సీనులో చేసింది నటనలా ఉండదు. మేం ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది. పట్టేశాక ఆలోచిస్తాం. ఊరు మాదని చెప్పుకోవడానికి మేం బిడ్డనే ఇవ్వాల్సి వచ్చిందే? మిగతావాళ్లను ఎవరూ అడగలేదే?

మిగతావి త్వరగా చెప్పుకుందాం. మన్మోహన్ దేశాయ్ తీసిన అమర్ అక్బర్ ఆంథోనీ (1977)లో ముగ్గురు అన్నదమ్ములు మూడు మతాల్లో పెరుగుతారు. అక్బర్ ఖవ్వాలీ పాడతాడు, ప్రేమిస్తాడు, నవ్విస్తాడు. సరదా మనిషి. ముసల్మాన్ ఇంట పెరిగాడే గాని పుట్టింది హిందూ తల్లికి. మరుసటి ఏడు వచ్చిన ముకద్దర్ కా సికందర్‌లో అనాథ పిల్లాణ్ణి ఫాతిమా అనే తల్లి చేరదీసి సికందర్ అని పేరు పెడుతుంది. కబరస్తాన్‌లో ఒక ఫకీరు వాడికి దుఃఖాన్ని చూసి నవ్వడం నేర్పుతాడు. ఇక్కడా మేం ఇచ్చేవాళ్లమే: పేరు ఇచ్చాం, ఒడి ఇచ్చాం, తత్వం ఇచ్చాం.

మా ఆడవాళ్ల సంగతి ఇంకా తక్కువ. ఫాతిమా బిడ్డను సాకి చనిపోతుంది. అదే సినిమాలో కోఠాలో ఆడే జోహ్రా ప్రాణం తీసుకుంటుంది. ఇక్కడ మా తప్పు కూడా ఉంది. మొనగాడి కోసం ఈల వేసిన మేం, జోహ్రాకు ఎందుకు బతికే దారి లేదని అడగలేదు. మా అక్కాచెల్లెళ్లలో చాలామందికి ఆ హాల్లోకి రావడానికే అనుమతి లేకపోయింది. అనుమతి ఇవ్వనిది మేమే.

తర్వాత కూలీ. 1982 జూలైలో బెంగుళూరులో ఆ సినిమా ఫైటింగు తీస్తుండగా అమితాబ్ పొట్టకు దెబ్బ తగిలి చావు దాకా వెళ్లాడు. దేశమంతా గుళ్లలో పూజలు, మసీదుల్లో దువాలు. మా మసీదులోనూ చేశారు. సినిమా హరామ్ అన్న పెద్దమనిషే ముందు చేతులెత్తాడు. 1983లో సినిమా వచ్చినప్పుడు, దెబ్బ తగిలిన షాటు దగ్గర తెరను ఆపి, ఇదే ఆ దెబ్బ అని అక్షరాలు వేశారు. హాలు గుండె ఆగింది.

సినిమాగా కూలీ దీవార్‌కు సాటి రాదు. దాపరికం అక్కర్లేదు. వరద వస్తుంది, తల్లికి జ్ఞాపకం పోతుంది, డేగ ఒకటి హీరోకు సాయం చేస్తుంది, ఎవరెక్కడ తప్పిపోయారో ఎవరెలా కలిశారో లెక్క ఉండదు. చివర దర్గా చాదర్ ఎగిరొచ్చి హీరోను కప్పుతుంది. తూటాలు తగులుతున్నా కలిమా చదువుతూ మీనారు ఎక్కి విలన్‌ను పడేస్తాడు. తర్కం అడిగితే సినిమా నిలవదు.

కానీ ఆ రైల్వే కూలీ పేరు ఇక్బాల్. పెంచినవాళ్ల వల్ల కాదు, పుట్టుకతోనే ఇక్బాల్. 786 బిళ్ల ఈసారి దాని అర్థం తెలిసినవాడి దగ్గరే ఉంది. తోటి కూలీని కొడితే స్టేషన్లో పని ఆపించినవాడు అతను. అతనికి కోపముంది, ఆ కోపానికి కారణముంది, ఆ కారణం మతం కాదు, కూలి. విలన్ జఫర్ కూడా ముసల్మానే. ఖాదర్ ఖాన్ చేశాడు. హీరో మావాడైనప్పుడు విలన్ మావాడైతే మాకు బాధ లేదు. అప్పుడు విలన్ ఒక చెడ్డ మనిషి మాత్రమే, మా అందరి తరఫున నిలబడ్డవాడు కాదు. ఈ చిన్న విషయం అర్థం కావడానికి మన సినిమావాళ్లకు ఇంకా ఎన్నేళ్లు కావాలో!

అంటే మంచి సినిమాలో మాకు అంకె దక్కింది. అతుకుల బొంత సినిమాలో మనిషి దక్కాడు. మా గొడవంతా ఇదే.

1992 మేలో అమితాబ్ మళ్లీ ముసల్మాన్ అయ్యాడు, ఖుదా గవాలో. ఈసారి కాబూల్ పఠాన్ బాద్‌షా ఖాన్. గుర్రం, తలపాగా, మాట మీద నిలబడటం అన్నీ గొప్పగా ఉన్నాయి. కానీ అతను మా బస్తీవాడు కాదు. ఆ ఏడు డిసెంబరులో బాబ్రీ మసీదు కూలింది. ఆ తర్వాత తెర మీద స్టేషన్ కూలీ ఇక్బాల్ మాకు కనపడలేదు. 1999లో సర్ఫరోష్‌లో ఇన్‌స్పెక్టర్ సలీం తన నిజాయితీని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 2004లో అదే యశ్ చోప్రా వీర్-జారా తీస్తే 786 మళ్లీ వచ్చింది, పాకిస్తాన్ జైల్లో ఉన్న వీర్ ప్రతాప్ సింగ్ ఖైదీ నంబరుగా. మంచి ఉద్దేశమే. మా అంకె ఇంకా మంచి ఉద్దేశాలకు పనికొస్తోంది.

లౌకికవాదులైన మా మిత్రుల్ని ఒకటి అడుగుతున్నాం. రహీం చాచానీ, ఇమాం సాబ్‌నీ చూపించి 'చూశారా, మిమ్మల్ని ఎంత మంచిగా చూపించారో' అంటారు. నిజమే, మంచిగానే చూపించారు. కానీ ఇచ్చే సాయిబును ప్రేమించినంత తేలిగ్గా అడిగే సాయిబును మీరు ప్రేమించగలరా? విజయ్ కోపం చూసి వ్యవస్థ మీద తిరుగుబాటు అన్నారు. అదే కోపం గడ్డం ఉన్న కుర్రాడికి వస్తే ఏమంటున్నారు?

మాలో ఒకరి అబ్బాజాన్ మార్కెట్ యార్డులో హమాలీ. జీవితంలో చూసిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. దీవార్ చూసి ఇంటికొస్తూ దారంతా మాట్లాడలేదు. మేం గోదాము ఫైటింగు గురించి, తల్లి గురించి, బిళ్ల గురించి వాదించుకుంటున్నాం. ఇంటి గుమ్మం దగ్గర ఆగి ఆయన అడిగాడు: "మరి ఆ రహీం చాచా ఏమయ్యాడురా?"

మాకు తెలియలేదు. విజయ్ రేవు వదిలిపోయాక కథకు ఆయనతో పని లేదు. మూటలు మోస్తూనే ఉండి ఉంటాడు.