గదువ పట్టుకునే చెయ్యి: మగవాళ్ళ సింగారం, దళితవాడ

ఆదివారం అనుబంధాల్లో ఇప్పుడు మగవాళ్ళ కోసం కూడా ఒక పేజీ ఉంటున్నది. రోజూ గడ్డం గీసుకోండి, నెలకోసారి జుట్టు కత్తిరించుకోండి, గోళ్ళు తీసుకోండి, రెండుపూటలా పండ్లు తోముకోండి అని ఆ పేజీ చెప్తది. ఇందులో తప్పేముందని అడగవచ్చు. మేం అంటున్నది ఏందంటే, ఈ వాక్యాల్లో ఒక మనిషి మాయమయ్యాడు. జుట్టు ఎవరూ తనంతట తాను కత్తిరించుకోలేరు. ఇంకొకరు గదువ పట్టుకోవాలె, తల వంచాలె, చెవి మడత పెట్టాలె. అంటే ముట్టుకోవాలె. ముట్టుడు, ముట్టకపోవుడు మీదనే నిలబడ్డ సమాజంలో క్షౌరం అనేది మనిషి సొంత అలవాటు ఎట్లా అవుతుంది? అగ్రవర్ణ రచయితకు ఈ ప్రశ్న రాదు. ఎందుకంటే ఆయన ఇంటికి పొది పట్టుకొని మనిషి వచ్చేవాడు. ఆయన తాత అరుగు మీద కూర్చొని తల వంచితే చాలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊర్లల్ల మంగలి పొది ఏ వాకిట్ల ఆగేది, ఏ వాకిట్ల ఆగకపోయేది అన్నది వాడలో పుట్టిన ఎవరినడిగినా చెప్తరు. (2016 అక్టోబర్ 11న ఈ జిల్లాలు ముక్కలయినయి, నల్లగొండ మూడయింది, పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, తర్వాత నారాయణపేట విడిపోయినయి. జిల్లా హద్దు మారింది గని వాడ హద్దు మారలేదు కాబట్టి పాత పేర్లే వాడుతున్నాం.) కాపుదనపు ఇండ్లకు పంట మీద మేర పద్ధతి. కల్లం కాడ గింజలు కొలిస్తే ఏడాదంత గడ్డాలు, చౌరాలు. మాల మాదిగలకు మేర లేదు, ఇస్తమన్నా తీసుకునేటోడు లేడు. కొన్ని ఊర్లల్ల వేరే కత్తి పెట్టి, వాడ చివర చెట్టు కింద కూసోబెట్టి గీసేవాళ్ళు. చాలా ఊర్లల్ల అదీ లేదు.

మరి మా తాతల తలలు ఎవరు కత్తిరించిండ్రు? ఇండ్లల్ల ఆడవాళ్ళు, వాడలో చెయ్యి తిరిగిన ఒక పెద్దమనిషి, లేకపోతే రెండేళ్ళ మధ్య పట్టుకున్న ఉత్త బ్లేడు. అంబేద్కర్ బాల్యంలోనూ ఇదే కథ. 1990లో పుస్తకంగా వచ్చిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన సతారా రోజులు చెప్పుకొచ్చారు. ఊర్లో మంగలివాళ్ళకు కొదువ లేదు, ఇంట్లో పైసలకూ కొదువ లేదు, అయినా అంటరాని పిల్లలకు క్షవరం చేసేవాడు దొరకడు. అక్కే అందరికీ జుట్టు కత్తిరించేది, చేసీ చేసీ ఆ పనిలో ఆరితేరింది. దళిత పురుషుడి సింగారానికి చరిత్ర రాస్తే అందులో మొదటి క్షురకులు ఆడవాళ్ళు. దళిత మగవాళ్ళమైన మేం రాసుకున్న ఆత్మగౌరవ సాహిత్యంలో మీసం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, ఆ మీసం కొసలు కత్తిరించిన చెల్లె, అక్క ఎక్కడొచ్చిండ్రో వెతుక్కోవాలె.

ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల జాబితా 59 కులాలది. దాన్ని వేలు పెట్టి చదవండి. మాల జంగం, మాల దాసరి ఉన్నరు, అంటే పూజకు మనవాళ్ళే. మాల సాలె ఉన్నరు, బట్టకు మనవాళ్ళే. చిందు, డక్కలి, మాస్టి ఉన్నరు, ఆటకు, కథకు, కులపురాణానికి మనవాళ్ళే. మంగలి ఒక్కడు లేడు. ఊరు తనకున్న కులాలన్నిటికీ నీడల్లాగ వాడకు కూడా ఆశ్రిత కులాలను తయారు చేసింది గని కత్తికి మాత్రం తయారు చెయ్యలేదు. పూజ లేకుండా ఉండలేరనుకున్నరు, తల మాసినా ఉంటరనుకున్నరేమో! (డక్కలోళ్ళను మాదిగవాడ ఎంత దూరంల కూసోబెట్టిందన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. దాన్ని తప్పించుకొని ఈ వ్యాసం రాయలేం.)

ఈ నేపథ్యంలో కంచ ఐలయ్య గారి ప్రతిపాదనను చూడాలి. 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో ఆయన మంగలి కులాన్ని 'సామాజిక వైద్యులు' అన్నారు. మాదిగలను కింది వర్గాల శాస్త్రవేత్తలన్నారు. బ్రాహ్మణ శాస్త్రాలు నీచమని తోసేసిన పనుల్లో విజ్ఞానం ఉన్నదని చెప్పడం ఆ పుస్తకం చేసిన గొప్ప పని, దానిమీద మాకు పేచీ లేదు. కత్తి నూరే చెయ్యికి చర్మం తెలుసు, పుండు తెలుసు, నరం తెలుసు. పట్నం డాక్టరు ఊరికి రాకముందు కురుపు కోసింది ఆ కత్తే.

పేచీ ఎక్కడంటే, ఆ పుస్తకంలో కులానికో అధ్యాయం. ఒక్కో కులం తన విజ్ఞానంతో ఒక్కో గదిలో వెలుగుతుంటది. గదికీ గదికీ మధ్య ఏం జరిగిందో మాకు అందులో సరిగా కనపడదు. మాదిగ అధ్యాయానికీ మంగలి అధ్యాయానికీ మధ్య ఊర్లల్ల ఒక గల్లీ ఉన్నది. మంగలి కత్తికి పదును పెట్టే పట్టా తోలుది, పొది తోలుది. పెండ్లిల సన్నాయి పక్కన ఆయన వాయించే డోలుకు కట్టింది తోలే. తోలు ఊనింది మాదిగ చెయ్యి. ఆ తోలు మీద రాకిన కత్తి ఊరందరి గదువల మీద నడిచింది, తోలు ఊనినవాడి గదువ మీద నడవలేదు. వైద్యుడే అనుకుందాం. అయితే ఆ దవాఖానా తలుపు ఎవరికి మూసి ఉండెనో రాయకుండా వైద్య చరిత్ర పూర్తి కాదు. 'దళిత బహుజన' అనే జంటపదం మధ్య ఉన్న ఖాళీ ఇదే. ఆ పదం మాకు కావాలె, కనుకనే ఈ ఖాళీని చెప్తున్నాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మంగలి మాకు శత్రువు కాదు. నిజాం కాలంలో నల్లగొండ దొరల గడీలల్ల వెట్టి చేసిన కులాల్లో మంగలి కూడా ఉన్నడు. పైసా లేకుండా గడీకి పోయి క్షవరం చెయ్యాలె, పిలిచినప్పుడు పోయి ఒళ్ళు పట్టాలె. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఎజెండాలో వెట్టి రద్దు ముందు వరసలో ఉండటానికి ఇటువంటి బతుకులే కారణం. మాదిగ గదువ ముట్టుకున్న చెయ్యి మళ్ళీ దొర గదువ ముట్టుకుంటే ఏమైతదో మంగలికి తెలుసు. మేర బందయితది, ఊరు వెలేస్తది. నిషేధం పెట్టింది ఆయన కాదు, అమలు చేసింది ఆయన. అమలు చేసేవాడి మీదనే కోపం తీర్చుకొని నిషేధం పెట్టినవాడిని వదిలేసుడు మా ఉద్యమాల్లోనూ అప్పుడప్పుడు జరిగింది. ఇక 'మంగలి' అన్న మాటనే తిట్టుగా వాడేవాళ్ళున్నరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అటువంటి మాటలతో నాయీబ్రాహ్మణులను కించపరచవద్దని జీవో ఇచ్చింది. మేం ఈ వ్యాసంలో ఆ మాటను పని పేరుగా, కులం పేరుగా వాడుతున్నం తప్ప తిట్టుగా కాదు. వాళ్ళు పేరు మార్చుకున్నరు, సరే. ఆ పేరులోకి బ్రాహ్మణుడు ఎందుకు వచ్చిండన్నది వాళ్ళతోనే కూసొని మాట్లాడుకోవలసిన సంగతి.

వాడలో ఈ కథను మార్చింది సంస్కర్తలు కాదు. బ్లేడు, బొంబాయి. కిరాణం కొట్లో దొరికే బ్లేడు, సబ్బు, చేతి అద్దం వచ్చినంక గడ్డానికి ఎవరి గడప తొక్కే పని లేకపోయింది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఆధునిక పురుషుడి ఏకాంతం అని రాస్తయి. మాకు అది ఏకాంతం కాదు, ఒకరి ముందర నిలబడి లేదనిపించుకోకుండా బతికే ఉపాయం. జుట్టుకు మాత్రం బ్లేడు సరిపోలేదు. దానికి వలస కావలసి వచ్చింది. పాలమూరు లేబరంటే దేశమంత తెలుసు. గుంపు మేస్త్రీల చేతికింద ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిండ్రు. బొంబాయి, పుణె మేస్త్రీ పనుల్లో అరిగిపోయిండ్రు. ఆ వలస దోపిడీ మీద చాలా రాసిండ్రు, రాయాలె కూడా. రాయనిదొకటున్నది. తిరిగే కుర్చీల కూసొని, మెడకు తెల్లబట్ట చుట్టించుకొని, ముందొక అద్దం వెనుకొక అద్దం పెట్టుకొని తన తల తాను చూసుకున్నది చాలామంది అక్కడనే మొదటిసారి. పైసలెన్ని అన్నరు గాని ఏ కులమన్నోడు లేడు. పండుగకు ఇంటికొచ్చిన పిలగాండ్ల హిప్పీ కటింగు, నున్నటి గదువ చూసి ఊరు ముందుగాల నవ్వింది, తర్వాత కోపానికొచ్చింది. ఆ కోపాన్ని నీతి కథలుగా మార్చి 'పట్నం పోయి చెడిపోయిన కూలోడు' అని రాసిన కథకులున్నరు. చెడిపోయింది పిలగాడు కాదు, వాన్ని గుర్తుపట్టే పాత ఆనవాలు. మాసిన తల కనపడకపోతే ఎవడు మాలోడు, ఎవడు కాపోడు?

శుభ్రతను మనిషి గుణంగా చూసే చూపు ఎంత మోసమైందో నల్లగొండ పండ్లను చూస్తే తెలుస్తది. మర్రిగూడ దిక్కు ఊర్లల్ల బోరునీళ్ళల్ల ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న హద్దును ఇక్కడి నీళ్ళు ఎన్నో ఏండ్లు దాటినయి. చిన్నప్పుడు చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యేనాడే ఆ మచ్చ పడుతది. తర్వాత వేపపుల్ల వేసినా, బొగ్గు వేసినా, బ్రష్షు అరిగేదాక తోమినా అది పోదు. ఇది తెలియని పంతులు బడిల 'పండ్లు తోముకోవారా?' అని నిలబెట్టి అడిగితే పిల్లవాడు నోరు మూసుకొని నవ్వుడు నేర్చుకున్నడు. నీళ్ళ నేరం నోటి మీద పడ్డది. ఫ్లోరైడు కలిపిన పేస్టును 'దంతరక్షణ' అని ఇదే జిల్లా కిరాణంలో అమ్మిండ్రు! ఫ్లోరైడును విరగ్గొట్టే పద్ధతికి ప్రపంచంలో 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టిండ్రు. పేరు జిల్లాకు దక్కింది, నీళ్ళ కోసం జిల్లా దశాబ్దాలు కొట్లాడింది. మాసిన తల సంగతీ ఇంతే. సేవ ఇయ్యక మాపినవాడు ఒకడు, మురికోడని పేరు మోసినవాడు ఇంకొకడు.

ఈ సంగతి సాహిత్యం కంటే చట్టం ముందు పసిగట్టింది, ఒప్పుకోవాలె. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో అంబేద్కర్ 'దుకాణం' అంటే లోపలికి రానిచ్చే చోటు మాత్రమే కాదు, అక్కడి సేవ పొందే హక్కు కూడా అని వివరించారు. 1955 చట్టం దుకాణం అనే మాటకు అర్థం చెప్తూ బట్టలుతికే చోటును, జుట్టు కత్తిరించే సెలూన్‌ను పేరు పెట్టి చేర్చింది. అంటరానితనంతో సేవ నిరాకరిస్తే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. అయినా 2006లో అచ్చయిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' సర్వే 11 రాష్ట్రాల్లో 565 ఊర్లు తిరిగి చూస్తే దాదాపు సగం ఊర్లల్ల మంగలి సేవ దళితులకు లేదని తేలింది. చట్టానికి యాభై ఏండ్లు నిండినంక మాట ఇది.

సేవగా రాని కత్తి శిక్షగా మాత్రం వస్తది. మా జిల్లాల అవతల, తూర్పు గోదావరి వెంకటాయపాలెంలో 1996 డిసెంబర్ 29న దళిత యువకులకు శిరోముండనం చేసిండ్రు. విశాఖపట్నం కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఇరవై ఏడేండ్లు ఆగితే పద్దెనిమిది నెలల శిక్ష. అదే జిల్లా సీతానగరంలో 2020 జులైలో పోలీసు స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు కొట్టిండ్రు. 2017లో గుజరాత్‌లో మీసం పెంచినందుకు దళిత యువకులను కొట్టిండ్రు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది, బలవంతంగా గుండు కొట్టడాన్ని, మీసం తీసెయ్యడాన్ని నేరాలుగా పేరుపెట్టి రాసింది. మగవాడి వెంట్రుక గురించి పార్లమెంటు ఒక క్లాజు రాయవలసి వచ్చిన దేశంలో ఆదివారం పేజీ దాన్ని 'వ్యక్తిగత అలవాటు' అంటున్నది.

కత్తిలో మైల ఉన్నదా? యాదగిరిగుట్ట కల్యాణకట్టకు పోయి చూడండి. టికెట్టు చేతిలో ఉంటే కత్తి కులం అడగదు. ఊర్లో వాడకు రాని పొది గుట్ట మీద అందరి తలల మీదా నడుస్తది. అక్కడ ఆ చెయ్యిని పోషించేది దేవస్థానం, ఇక్కడ పోషించేది ఊరి పెద్దరికం. అంతే తేడా. ఎవడు పోషిస్తే వాని మాట వింటది.

అందుకే ఇంకొక లెక్క. 2021 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేసింది. చెయ్యాలె, ఆ కులం కూడా అరకొర బతుకుదే, పెద్ద కంపెనీల సెలూన్లు దాని నోటికాడి కూడు గుంజుకుంటున్నయి. ఆ కరెంటు మీద వెలిగే అద్దం ముందర అందరూ కూసోవచ్చునని ఒక్క వాక్యం, తలుపు మీద ఒక్క బోర్డు, షరతుగా పెట్టుంటే ఏం పోయేది? సర్కారు అండ ఉన్నదని తెలిస్తే మంగలికే ధైర్యం వచ్చేది. 'నేనేం చెయ్యాలె పటేలా, సర్కారు రూలు' అని తప్పించుకునే దారి ఆయనకూ దొరికేది.

ప్రతి నెలా 30న ఊర్లల్ల పౌరహక్కుల దినం జరుపుతున్నరు. తహసీల్దారు వస్తడు, ఎస్సై వస్తడు, చట్టాల పేర్లు చదువుతరు, కొన్నిచోట్ల హోటల్ల అందరితో చాయ తాగి ఫోటో దిగుతరు. చాయ రెండు నిమిషాల పని, గ్లాసును మళ్ళా కడిగి పెట్టుకోవచ్చు. ఆ మీటింగు గ్రామపంచాయతీ అరుగు మీద కాకుండా ఊరి సెలూన్ల పెట్టమనండి. మాదిగవాడ పెద్దమనిషి కుర్చీల, పటేలు బెంచీ మీద తన వంతు కోసం. కటింగుకు ఇరవై నిమిషాలు పడుతది.